వేషం కట్టారు సరే, విప్పేదెప్పుడు?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాజకీయ గ్రూపుల్లో ట్రోలింగ్ గురించే. చేసేవాళ్ళు రాశారు, బలైనవాళ్ళ పిల్లలు రాశారు, మధ్యలో ఇరుక్కున్న ఒక అడ్మిన్ గారు కూడా రాశారు. పార్టీల పేర్లు నేనే తీసేశాను, ఎందుకంటే పేరు కనబడగానే సగం మంది అసలు సంగతి వదిలేసి "మరి వాళ్ళు చేయలేదా" అని మొదలుపెడతారు, ఆ పంచాయితీకి ఇక్కడ చోటు లేదు. రాసినవాళ్ళ పేర్లు కూడా వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, నాది మధురవాడ. రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగం. కాలేజీ రోజుల నుంచి మేం నలుగురు ఫ్రెండ్స్. ఏ పార్టీ మీదా మాకు మోజు లేదు, అందరూ ఒకటే అనుకునే రకం. ఎన్నికలప్పుడు సరదాకి ఒక పార్టీ అభిమానుల ఫేస్‌బుక్ గ్రూపులో ఫేక్ ఐడీతో దూరాం. అమ్మాయి పేరు, చివర ఒక కులం తోక, ఫోటో ఏదో నెట్‌లో దొరికింది. వీరాభిమానిలా నటిస్తూ నోటికొచ్చిన ఎలివేషన్లు ఇచ్చేవాళ్ళం. "మా నాయకుడు సొంత డబ్బుతో ఇనుప గని కొని స్టీల్‌ప్లాంట్‌కి రాసిచ్చేశారు" అని పెడితే బోలెడు లైకులు, దండాల బొమ్మలు. ఒక పెద్దాయన మాత్రం "గని ఏ రాష్ట్రంలో ఉందమ్మా, ఏడాదికి ఎన్ని టన్నులు వస్తుంది" అని అడిగాడు. నవ్వలేక చచ్చాం. తర్వాత డోసు పెంచి, ఫలానా కులం వాళ్ళని ఊళ్ళోంచి తరిమేయాలని ఒక పోస్టు పెట్టాం. దానికీ లైకులొచ్చాయి. ఆ స్క్రీన్‌షాట్లన్నీ మా ఫ్రెండ్స్‌కి పంపి ఎంజాయ్ చేస్తున్నాం. మాలో ఒకడు మాత్రం "ఇది తప్పురా" అంటున్నాడు. మేం ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, ఎవరినీ పేరు పెట్టి తిట్టలేదు, వాళ్ళలో ఉన్న పిచ్చిని బయటపెట్టాం, అంతే కదా అని మిగతా ముగ్గురి వాదన. ఎవరు కరెక్ట్?

జవాబు: ఆ ఒక్కడే, తమ్ముడూ.

గని జోకు బాగుంది, దాచడమెందుకు, నేనూ నవ్వాను. స్టీల్‌ప్లాంట్‌కి సొంత ఇనుప గనులు లేవన్నది ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన బాధ, దాన్ని పట్టుకుని నాయకుల గొప్పలని వెక్కిరించడం మంచి వెటకారమే. అదే ముక్క మీ పేరుతో మీ పేజీలో రాసుంటే నేనే షేర్ చేసేదాన్ని. మీరు దాన్ని నమ్మేవాళ్ళ మధ్యకి తీసుకెళ్ళి, నమ్మే మనిషి వేషంలో నిలబడి చెప్పారు. అక్కడితో నవ్వు నాయకుడి మీంచి జారి, నమ్మినవాళ్ళ మీద పడింది.

నమ్మారు కాబట్టి పిచ్చివాళ్ళు అంటున్నారు. విశాఖలో బతికేవాడు ఏ హామీని నమ్మాలో దేన్ని నమ్మకూడదో ఎలా తేల్చుకోవాలో మీరే చెప్పండి. 2014 విభజన చట్టంలోనే మన ఊరికి మెట్రో సంగతి పరిశీలించమని రాశారు, మనం ఇంకా ఆటోల్లోనే వేలాడుతున్నాం. రైల్వే జోన్ ప్రకటించింది 2019 ఫిబ్రవరిలో, దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరిలో. 2020లో ఈ ఊరిని కార్యనిర్వాహక రాజధాని చేస్తూ చట్టం వచ్చింది, 2021 నవంబరులో ఆ చట్టమే వెనక్కి పోయింది. 2021 జనవరిలో కేంద్రం వాళ్ళు స్టీల్‌ప్లాంట్‌లో తమ వాటా నూటికి నూరు శాతం వదిలించుకుంటామన్నారు, 2025 జనవరిలో అదే ప్లాంట్‌కి 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. ఇన్ని చూసిన మనిషికి ఎవరో గని కొనిచ్చారంటే అది వింతగా ఎందుకు అనిపించాలి? మన ఊళ్ళో నిజమే వెటకారంలా ఉంటుంది, దాన్ని దాటిపోయేంత అబద్ధం అల్లడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. సృష్టంతా దేవుడే చేశాడనే సృష్టివాదం మీద నెట్‌లో వాదనలు నడుస్తున్నప్పుడు 2005లో నాథన్ పో అనే అతను ఇలాంటి మాటే అన్నాడు. నవ్వు బొమ్మ పెట్టకపోతే, మూఢనమ్మకాన్ని ఎంత ఘోరంగా వెక్కిరించినా ఎవరో ఒకరు అదే నిజమైన నమ్మకం అనుకుంటారని. నెట్ జనాలు దాన్ని పో సూత్రం అంటారు.

ఆ పెద్దాయన సంగతి చూడండి. గ్రూపు మొత్తంలో సరైన ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. గని ఎక్కడ, టన్నులెన్ని. విలేకరులు అడగాల్సిన ప్రశ్న అది. మీరు బయటపెట్టామంటున్న పిచ్చి ఆయనలో నాకు కనిపించలేదు. బహుశా ప్లాంటులో చేసిన మనిషేమో, లెక్క తెలిసినవాడిలా ఉన్నాడు. ఆయన్ని చూసి నలుగురు ఐటీ ఇంజినీర్లు పగలబడి నవ్వారు, అందుకు నాకు మీ మీద కొంచెం కోపంగానే ఉంది.

వేషం కట్టి జనాన్ని నమ్మించడం మనకి కొత్తేమీ కాదు. పగటివేషగాళ్ళు చేసిందే అది. సోమయాజులు, సోమిదేవమ్మ వేషంలో ఊళ్ళోకొచ్చి ఆచారాలన్నిటినీ నవ్వులపాలు చేసేవాళ్ళు, పఠాన్ వేషంలో వచ్చి దబాయించేవాళ్ళు, నిజమనుకుని కంగారుపడ్డవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. అయితే వాళ్ళు ఆ ఊరు వదిలేముందు వేషాలు విప్పి, ఇన్నాళ్ళూ మిమ్మల్ని నవ్వించింది మేమేనంటూ ఇంటింటికీ వచ్చి సంభావన అడిగేవాళ్ళు. మోసపోయినవాడి గుమ్మంలోనే నిలబడి అడగాలి. వాడు నవ్వితే ఇస్తాడు, ఒళ్ళు మండితే మొహం మీదే అంటాడు. రేపు ఆ గుమ్మానికి వెళ్ళాలన్న భయం ఉంది కాబట్టే ఈ రోజు వేషం ఎక్కడిదాకా పోవాలో వాళ్ళకి తెలిసేది. మీ ఫేక్ ఐడీకి ఆ గుమ్మం లేదు. మీ సంభావన మీ ఫ్రెండ్స్ దగ్గర ముడుతోంది, ఖర్చు మాత్రం ఇంకెవరిదో.

పోనీ ఏదో ఒక రోజు చెప్పేద్దాంలే అనుకుంటారేమో. చెప్పినా ఆ చెప్పడం జోకుతోపాటు ప్రయాణం చేయదు, చిక్కంతా అక్కడే ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పాకిన వదంతులకి దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు, గుర్తుందా? అప్పుడు బాగా తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాడిని లాక్కుపోతారు. అది కరాచీలో ఒక సంస్థ పిల్లల భద్రత మీద అవగాహన కోసం తీయించిన చిన్న సినిమా. చివర్లో వాళ్ళు వెనక్కొచ్చి పిల్లాడిని దింపి, కరాచీలో పిల్లల్ని ఎత్తుకుపోవడం ఇంత తేలిక అన్న సందేశం చూపిస్తారు. మన దగ్గర తిరిగిన ముక్కలో ఆ చివరి భాగం లేదు. ఎవరో కోసేశారు. తీసినవాళ్ళ ఉద్దేశం మంచిదే, వేషం విప్పారు కూడా, అయినా విప్పిన భాగం ఫోన్లలోకి రాలేదు. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లని ఒకేసారి ఐదు చాట్లకే అని తగ్గించింది. మీ స్క్రీన్‌షాట్లు ఫ్రెండ్స్ దగ్గర ఆగుతాయని ఏ నమ్మకంతో ఉన్నారు?

జోకుని జోకుగా తీసుకోని చోట ఏమవుతుందో అమెరికాలో పాల్ హార్నర్ అనే ఆయనకి బాగా తెలిసొచ్చింది. వెటకారం పేరుతో కట్టుకథలు వార్తల్లా రాసి వెబ్‌సైట్లలో పెట్టేవాడు. 2016 ఎన్నికల్లో, ట్రంప్ సభ దగ్గర నిరసన తెలపడానికి తనకి 3,500 డాలర్లు ఇచ్చారని ఒకడు చెప్పినట్టు రాశాడు. ట్రంప్‌కి ప్రచార మేనేజర్‌గా చేసిన లెవాండోస్కీ దాన్ని ట్వీట్ చేశాడు. ట్రంప్ వర్గం వాళ్ళు దీన్ని పంచుకుంటారు, ఎవరో ఆరా తీస్తారు, వాళ్ళ పరువు పోతుంది అనుకున్నానని, ఎవరూ ఆరా తీయలేదని ఎన్నికలయ్యాక హార్నరే పత్రికలవాళ్ళకి చెప్పుకున్నాడు. ఏ పార్టీని నవ్వులపాలు చేద్దామనుకున్నాడో ఆ పార్టీకే ఉచితంగా ప్రచారం చేసిపెట్టాడు. మీ గని పోస్టుకి వచ్చిన లైకులు కూడా అలాంటివే. ఆ నాయకుడికి మీరు నలుగురూ ఫ్రీగా పనిచేశారు.

ఇక ఆ కులం పోస్టు. దీన్ని గనితో కలిపి రాశారు గానీ ఇది వేరే జాతి పని. పేరు చివర తోక తగిలించి, ఆ కులం నోటితో ఇంకో కులాన్ని తరిమేయాలని అన్నారు. మీరు పిచ్చిని బయటపెట్టలేదు, సాక్ష్యాన్ని తయారుచేశారు. రేపు ఆ స్క్రీన్‌షాట్ అవతలి కులం వాళ్ళ గ్రూపులోకి వెళితే, "చూశారా, మన గురించి వీళ్ళు ఏమనుకుంటున్నారో" అని తిరుగుతుంది. అది రాసింది ఏ కులం అభిమానమూ లేని మధురవాడ కుర్రాళ్ళని అక్కడ ఎవరికి తెలుసు? లైకులొచ్చాయి కదా, అంటే ఉన్నదే కదా అంటారు. లైకు కొట్టినవాళ్ళు మంచివాళ్ళని నేను అనను. అయితే మొదటి మాట అనడానికి ఒకడు కావాలి, ఆ ఒకడు మీరే అయ్యారు. అప్పటిదాకా మనసులో ఉన్నా బయటికి అనని వాడికి, పది మంది అనుకుంటున్నారులే అన్న ధైర్యం మీ పోస్టు ఇచ్చింది.

ఇప్పుడేం చేయాలంటే, మొట్టమొదట ఆ అమ్మాయి ఫోటో తీసేయండి. నెట్‌లో దొరికింది అంటే ఎవరిదీ కాదని కాదు, ఆ ముఖం ఉన్న మనిషి ఎక్కడో ఉంది, ఆమె బంధువులకి ఆ కులం పోస్టు కనబడితే ఆమె ఏమని చెప్పుకోవాలి? తర్వాత కులం పోస్టు తీసేయండి, మీ ఫ్రెండ్స్ ఫోన్లలో ఉన్న స్క్రీన్‌షాట్లతో సహా. ఆ తర్వాత అదే ఐడీతో అదే గ్రూపులో, ఇది నలుగురం సరదాకి నడిపిన ఐడీ, గని మాట మా కల్పన, ఆ రెండో పోస్టుకి క్షమించండి అని రాయండి. తిడతారు. తిట్టనివ్వండి, అదే రోజు మాయమైపోకండి, కనీసం కొన్నాళ్ళు ఆ తిట్లు చదవండి. ఆ పెద్దాయనకి మాత్రం విడిగా మెసేజ్ పెట్టండి, గని లేదండీ, అడిగింది మీరొక్కరే అని.

ప్రశ్న: మేడమ్, మేం ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా నాన్నగారికి డెబ్బై దాటాయి, పోర్టులో చేసి రిటైరయ్యారు. ఒక రాజకీయ గ్రూపులో "బీచ్ రోడ్డు నుంచి భీమిలి దాకా సముద్రం కింద మెట్రో, సీనియర్ సిటిజన్లకి ఉచితం" అని ఎవరో పెడితే, "పాస్ ఎక్కడ ఇస్తారు, ఆధార్ జిరాక్స్ సరిపోతుందా" అని కామెంట్ పెట్టారు. దాన్ని ఒక మీమ్స్ పేజీ వాళ్ళు ఆయన పేరు, ఫోటోతో సహా వేసి నవ్వుకున్నారు. మా కజిన్స్ గ్రూపులోకి కూడా వచ్చింది, అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. నాన్నకి ఇంకా తెలీదు. చెప్పాలా? ఆయన్ని ఆ గ్రూపులోంచి బయటికి తెచ్చేయాలా?

జవాబు: చెప్పండి. మీరు చెప్పకపోతే ఏ పెళ్ళిలోనో భోజనాల దగ్గర ఒక బావమరిది "ఏటి మావయ్యా, మెట్రో పాస్ వచ్చిందా" అంటాడు, పదిమందీ నవ్వుతారు, ఆయనకి ఎందుకు నవ్వుతున్నారో కూడా తెలీదు. అంతకన్నా మీ నోటితో ఇంట్లో వింటేనే నయం.

ఎలా చెప్పాలన్నది ముఖ్యం. అల్లుళ్ళు, మనవలు లేనప్పుడు చెప్పండి. ఆ పోస్టు ఆటపట్టించడానికి పెట్టిందట నాన్నా, మీ కామెంట్ ఫోటో తీసి తిప్పుతున్నారు, పేజీవాళ్ళకి నేను రాస్తున్నాను అని, ఉన్నది ఉన్నట్టు. "ఈ వయసులో మీకెందుకు ఇవన్నీ" అన్న మాట మాత్రం రానివ్వకండి. ఫోన్ చేతిలోంచి తీసుకుని గ్రూపులోంచి ఎగ్జిట్ కొట్టేయకండి. ఓటు వేసే మనిషి, ఊరి సంగతులు పట్టించుకునే మనిషి, వాకింగ్‌కి వెళ్ళొచ్చాక ఆయనకున్న లోకంలో అదొక భాగం. ఉండాలో పోవాలో ఆయన తేల్చుకుంటారు.

ఆయన చిన్నబుచ్చుకుంటే ఈ కథలు చెప్పండి. 2012లో అమెరికాలోని ఆనియన్ అనే వెటకారం పత్రిక ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్‌ని ఆ ఏడాదికి అందరికన్నా ఆకర్షణీయమైన మగవాడిగా ఎంపిక చేశామని రాస్తే, చైనాలో పీపుల్స్ డైలీ వెబ్‌సైట్ నిజమనుకుని 55 ఫోటోలతో సహా వేసేసింది. 2016 నవంబరులో కొత్త రెండువేల నోటులో నానో చిప్ ఉందని, భూమిలో పాతినా కనిపెట్టేస్తుందని మన దేశంలో టీవీ ఛానెళ్ళలోనే బొమ్మలేసి చూపించారు. జీతాలు తీసుకుని వార్తలు చూసుకునేవాళ్ళు నమ్మిన లోకంలో మీ నాన్నగారు మెట్రో పాస్ అడిగారు. అదీ ఎప్పటినుంచో వస్తుందంటున్న మెట్రో. జిరాక్స్ సరిపోతుందా అని అడిగారంటే ప్రభుత్వ ఆఫీసుల అనుభవం బాగా ఉన్న మనిషి.

మీమ్స్ పేజీ సంగతి. పేరు, ముఖం కనబడకుండా చేయమని, లేదా తీసేయమని వాళ్ళకి మీ పేరుతో మర్యాదగా రాయండి. కొందరు చేస్తారు, ఆ కుర్రాళ్ళలో చాలామంది ఆ ముఖం వెనక ఒక ఇల్లు ఉందని ఆలోచించరు, గుర్తుచేస్తే సిగ్గుపడతారు. చేయకపోతే ఫేస్‌బుక్‌లో రిపోర్ట్ కొట్టండి, కుటుంబంలో నలుగురి చేత కొట్టించండి. నాయకుడు అన్న మాటని అతని పేరుతో వెక్కిరించడం వేరు. ఆయన మైకు పట్టుకుని ఊరంతటికీ చెప్పాడు, తిరిగి జవాబు చెప్పుకోవడానికి ఆయనకి మనుషులున్నారు, ఛానెళ్ళున్నాయి. మీ నాన్నగారికి ఉన్నది మీరు.

కజిన్స్‌ని మాత్రం వదలకండి. నవ్వే బొమ్మ పెట్టిన ప్రతివాడికీ విడివిడిగా ఫోన్ చేసి "ఆయన మీ మావయ్య, గుర్తుందా" అని అడగండి. గ్రూపులో పెద్ద మెసేజ్ పెడితే లాభం లేదు, అది కూడా స్క్రీన్‌షాట్ అయిపోతుంది.

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాను. పొలిటికల్ ట్రోలింగ్‌కి నిజంగా కేసులు పెడతారా, లేక ఊరికే భయపెడతారా?

జవాబు: రెండూ జరుగుతాయి. వెటకారం నేరం కాదు. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో అడిగిన అమ్మాయినీ, దానికి లైకు కొట్టిన ఇంకో అమ్మాయినీ పాల్‌ఘర్‌లో అరెస్టు చేశారు. ఆ గొడవ సుప్రీంకోర్టుకి వెళ్ళి, ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న కొట్టేశారు. ఎవరికో చిరాకు తెప్పించిందని పోస్టు పెట్టినవాడిని జైల్లో వేయడం కుదరదని. తమాషా ఏమిటంటే కొట్టేసిన సెక్షన్ కింద ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కేసులు పెడుతూనే ఉన్నారు, 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్ళీ ఆపమని చెప్పాల్సొచ్చింది. అదే 2012లో మమతా బెనర్జీ మీద ఒక కార్టూన్‌ని మెయిల్‌లో పంపినందుకు కోల్‌కతాలో అంబికేశ్ మహాపాత్ర అనే ప్రొఫెసర్‌ని అరెస్టు చేశారు, ఆయన ఆ కేసు నుంచి బయటపడింది 2023లో. చివరికి గెలిచాడు కదా అని సంతోషించండి, మధ్యలో పోయిన సంవత్సరాలు ఎవరూ వెనక్కివ్వరు.

అయితే వెటకారం ముసుగులో చేసే కొన్ని పనులు నిజంగానే నేరాలు. వేరే మనిషిలా నటించి ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య ద్వేషం రగిలిస్తే సెక్షన్ 196, భయం పుట్టించే తప్పుడు సమాచారానికి 353, పరువు నష్టానికి 356. ఎన్నికలప్పుడు అభ్యర్థి వ్యక్తిగత జీవితం మీద అబద్ధం ప్రచారం చేస్తే 175 కూడా ఉంది. మొదటి ఉత్తరం తమ్ముడు ఈ పేరా రెండుసార్లు చదువుకోవాలి. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) పేరడీ అకౌంట్ పెట్టుకోవచ్చు, పేరులోనే ఆ సంగతి చెప్పాలి. ఫేస్‌బుక్‌లో దొంగ పేరుతో ప్రొఫైల్ నడపడానికే అనుమతి లేదు.

కేసు పెట్టరు కాబట్టి చేయొచ్చు అన్న లెక్క మాత్రం వేసుకోకండి. మెట్రో పాస్ పెద్దాయన్ని నవ్వులపాలు చేసినందుకు ఏ పోలీసూ రాడు.

ప్రశ్న: అమ్మా, సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ గ్రూపుకి నేను అడ్మిన్‌ని. ఈమధ్య ఒక కుర్రాడు పార్టీల మీద జోకు అనుకుని, "ఫలానా పార్టీ సభ ఎఫెక్ట్, గోపాలపట్నం వైపు గ్యాస్ లీకైంది, కిటికీలు మూసుకోండి" అని పెట్టాడు. తీసేశాను. నాకు సరదా తెలీదని, నియంతనని పిల్లలంతా ఆడిపోసుకుంటున్నారు. తప్పు చేశానా?

జవాబు: లేదండీ, మంచి పని చేశారు. ఆ కుర్రాడు 2020లో ఎంత చిన్నవాడో నాకు తెలీదు గానీ, ఈ ఊళ్ళో ఆ వాక్యం జోకు కాదు. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకై పన్నెండుమంది పోయారు, నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్ళు దారిలో పడిపోయారు. అదే రోజు రాత్రి మళ్ళీ లీకవుతోందని, ట్యాంకు పేలిపోతుందని మాట పాకితే జనం పిల్లల్ని ఎత్తుకుని అర్ధరాత్రి రోడ్ల మీదికొచ్చేశారు. అలాంటి మెసేజ్ చూడగానే ఎవరు పంపారో, కింద నవ్వు బొమ్మ ఉందో లేదో చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు. తుపాను హెచ్చరికలూ అంతే. హుద్‌హుద్‌లో చెట్టన్నది మిగలని ఊరు ఇది.

ఒకటి మాత్రం చూసుకోండి. ఈ వంకతో గ్రూపులో కార్టూన్లు, మీమ్స్ అన్నీ బంద్ అంటే పిల్లలు అన్న మాట నిజమైపోతుంది. మీరు అభిమానించే నాయకుడి మీద జోకు వచ్చిన రోజు మీ వేలు డిలీట్ మీదికి వెళ్తుందో లేదో గమనించుకోండి, వాళ్ళు కూడా అదే గమనిస్తుంటారు.

ప్రశ్న: గాజువాకలో మా పార్టీ సోషల్ మీడియా టీమ్‌లో వాలంటీర్‌గా ఉన్నాను. అవతలివాళ్ళు మా గ్రూపుల్లో దూరి మా వాళ్ళలా నటిస్తూ పరువు తీస్తున్నారు. మేం కూడా అదే చేస్తే తప్పేంటి మేడమ్? నవ్వు కోసమే కదా.

జవాబు: నవ్వు కోసం కాదు బాబూ, మీరే టీమ్ అంటున్నారు. టీమ్ ఉంది, పైన ఎవరో చెప్పేవాళ్ళున్నారు, రోజుకిన్ని పోస్టులని లెక్క ఉండే ఉంటుంది. దాన్ని కామెడీ అనడం కామెడీకి అవమానం. పట్టుబడితే "సరదాగా చేశాం" అనుకోవడానికి పనికొచ్చే మాట కాబట్టి పైవాళ్ళు మీకు ఆ మాట నేర్పారు. కేసైతే మీ ఐడీ, మీ ఫోన్ నంబరు దొరుకుతాయి, పైవాళ్ళవి దొరకవు, ఇది ఒకసారి ఇంట్లో కూర్చుని ఆలోచించుకోండి.

దూరినవాళ్ళని ఏం చేయాలంటారా, గ్రూపులో పేరు చెప్పి, ఈ ఐడీ మనది కాదు, ఈ మాట మనం అనలేదు అని ఒక్క పోస్టు పెట్టి బ్లాక్ చేయండి. అంతకన్నా పెద్ద పని ఇంకోటుంది. అలాంటి దొంగ పోస్టుకి మీ వాళ్ళు నిజంగానే లైకులు ఎందుకు కొట్టారో కనుక్కోండి. పెట్టింది అవతలివాడే, కొట్టింది మీవాళ్ళు.

ప్రశ్న: అయితే నాయకుల మీద మీమ్స్ వేయడం కూడా మానేయాలా? (పేరు రాయలేదు, ద్వారకానగర్)

జవాబు: మానడం దేనికి? వేయండి. వాళ్ళు అన్న మాటలు, తేదీలు, శిలాఫలకాలు, మారిన మాటలు, కావలసినంత సరుకు ఉంది, కల్పించాల్సిన పని కూడా లేదు. వేసింది మీరేనని తెలిసేలా మీ పేరుతోనో మీ పేజీ పేరుతోనో వేయండి. ముఖాలు మార్చిన వీడియోలు, నాయకుల ఇంటి ఆడవాళ్ళు, కులాలు, వీటి జోలికి పోకండి, అవి నా దగ్గరకొస్తే చూడను కూడా. మెట్రో మీద మంచివి ఏవైనా ఉంటే పంపండి, వచ్చే సంచికలో అర పేజీ ఖాళీ ఉంది.